డాక్టర్ వుడ్స్ కోళ్ల ఇల్లు

అమెరికా ఈశాన్య కొసన ఉన్న మసాచుసెట్స్‌లో చలికాలం అంటే నెలల తరబడి మంచు. వందేళ్లకు పైబడిన మాట, ఆ ప్రాంతంలో ఒక వైద్యుడు కోళ్లకు ఇల్లు గీశాడు. ఆ ఇంటికి ఉత్తరపు గోడ ఉంది, తూర్పు పడమర గోడలు ఉన్నాయి. దక్షిణం వైపు చికెన్ మెష్ తప్ప ఏమీ లేదు. మంచు కురిసే రాత్రయినా సరే, దానికి తెర దించరు, తలుపు వేయరు. చూడగానే ఎవరికైనా ఇది కట్టడం సగంలో ఆగిపోయిన ఇల్లులా కనిపిస్తుంది. నిజానికి ఎండను వాడుకునే కోళ్ల ఇళ్లలో ఇంత ఆలోచించి కట్టినది మరొకటి నాకు తెలియదు.

ఆయన పేరు ప్రిన్స్ టి. వుడ్స్. ప్రిన్స్ అన్నది బిరుదు కాదు, తల్లిదండ్రులు పెట్టిన పేరే. 1912లో ఆయన ‘ఓపెన్ ఎయిర్ పౌల్ట్రీ హౌసెస్ ఫర్ ఆల్ క్లైమేట్స్’ అని ఒక పుస్తకం వేశాడు. 1924లో దాన్ని పెంచి, ‘మోడర్న్ ఫ్రెష్ ఎయిర్ పౌల్ట్రీ హౌసెస్’గా మళ్లీ తెచ్చాడు. అన్ని వాతావరణాలకూ పనికొస్తుందని మొదటి పుస్తకం అట్టమీదే చెప్పుకున్నాడు. ఆ ధీమా కొంచెం ఎక్కువేనని నాకనిపిస్తుంది. చల్లని దేశాల వరకు మాత్రం మాట నిలబెట్టుకున్నాడు.

ఆయన పనితనం తెలియాలంటే అంతకుముందు కోళ్లను ఎలా ఉంచేవాళ్లో తెలియాలి. చలికాలంలో కోడి గుడ్లు పెట్టదు, చలి వల్లే పెట్టడం లేదు, కాబట్టి ఇంటిని వెచ్చగా ఉంచాలి. ఇదీ అప్పటి తర్కం. దాన్ని నమ్మి రెండు వరసల గోడలు కట్టారు, మధ్యలో రంపపుపొట్టు కూరారు, సందులన్నీ మూశారు, కొందరు పొయ్యిలు కూడా పెట్టారు. ఎండ కోసం దక్షిణం గోడంతా అద్దాలు బిగించారు. పగలు ఎండ అద్దంలోంచి దూరి లోపల వేడెక్కుతుంది, బాగానే ఉంది. రాత్రి అదే అద్దంలోంచి ఆ వేడంతా బయటికి పోతుంది. ఒక్క పొర గాజు రాత్రిపూట గోడ చేసే పని చేయలేదు.

పోయేది వేడి ఒక్కటే అయితే ఇబ్బంది ఉండేది కాదు. అసలు శత్రువు తేమ. పెట్ట రోజుకు పావు లీటరుకు కాస్త అటూ ఇటూగా నీళ్లు తాగుతుంది. గుడ్డులో పోయేది పోగా తక్కినదంతా ఊపిరిలోనూ రెట్టలోనూ బయటికి వస్తుంది. వంద పెట్టలుంటే ఆ ఇంట్లో ప్రతిరోజూ రమారమి ఇరవై లీటర్ల నీళ్లు వదిలినట్టే. ఇరవై డిగ్రీల సెల్సియస్ వేడిలో ఒక ఘనపు మీటరు గాలి 17 గ్రాముల నీటి ఆవిరిని మోయగలదు. అదే గాలి సున్నా డిగ్రీలకు చల్లబడితే ఐదు గ్రాములు కూడా మోయలేదు. తక్కిన పన్నెండు గ్రాములు ఎక్కడికి పోతాయి? గోడల మీద చెమటగా దిగుతాయి, కప్పు లోపల మంచుగా కడతాయి, కోడి తురాయి మీద చేరతాయి. తడిసిన తురాయి గడ్డకట్టి నల్లబడి రాలిపోతుంది. నేల మీద పరిచిన ఊక తడిసి, అందులోంచి అమ్మోనియా లేస్తుంది, కళ్లు మండుతాయి, ముక్కులు కారతాయి. జలుబు రోగాలు మందంతా పాకుతాయి. వెచ్చగా ఉంచాలని మూసిన ఇల్లే కోడిని చంపుతోందని గ్రహించడానికి ఒక తరం పట్టింది.

మార్పు వుడ్స్ ఒక్కడితో రాలేదు. మెయిన్ రాష్ట్రపు వ్యవసాయ ప్రయోగ కేంద్రంలో ప్రొఫెసర్ గోవెల్ అద్దాల బదులు గుడ్డ తెరలు కట్టి చూశాడు. మసాచుసెట్స్‌లోనే రాక్‌లాండ్ ఊళ్లో జోసెఫ్ టోల్మన్ అనే కోళ్ల రైతు ముందు భాగాన్ని పూర్తిగా తెరిచేసి కట్టాడు. మనుషుల వైద్యంలోనూ అప్పుడు అదే గాలి వీస్తోంది. డాక్టర్ ట్రూడో న్యూయార్క్ రాష్ట్రపు కొండల్లో సారనాక్ లేక్ దగ్గర క్షయ రోగులను వరండాల్లో, చల్లగాలిలో, ఎండలో పడుకోబెడుతున్నాడు. మన మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలో క్షయ శానిటోరియం వెలసింది కూడా 1910ల దశకంలోనే. వుడ్స్ వైద్యుడు కావడం కాకతాళీయమే కావచ్చు. కానీ కోడి ఊపిరితిత్తుల గురించి వడ్రంగి కన్నా ముందు ఆలోచించగలిగాడంటే ఆ చదువు పనికొచ్చిందనే అనుకోవాలి.

ఇక ఇంటి దగ్గరికి వద్దాం.

వుడ్స్ ఎక్కువగా చెప్పిన కొలత ఇరవై అడుగుల వెడల్పు, ఇరవై అడుగుల లోతు. తలకు నాలుగు చదరపు అడుగుల లెక్కన వంద కోళ్లు పడతాయి. అప్పటి కోళ్ల ఇళ్లు సాధారణంగా పొడవుగా సాగి, లోతు తక్కువగా ఉండేవి. ఎండ వెనక గోడదాకా అందాలంటే లోతు తక్కువ ఉండాలని అందరి లెక్క. వుడ్స్ ఆ లెక్కను తిరగేశాడు. ఇంటిని లోతుగానే ఉంచి, ఎండనే వెనక్కి తీసుకెళ్లాడు.

ఎలాగంటే, కప్పును మధ్యలో విరిచాడు. ముందు భాగపు కప్పు పొట్టిది. అది దక్షిణపు అంచు దగ్గర బాగా కిందికి ఉండి, లోపలికి వెళ్లేకొద్దీ కాస్త లేస్తుంది. వెనక భాగపు కప్పు దానికన్నా రెండడుగులకు పైగా ఎత్తులో మొదలై, ఉత్తరపు గోడ వైపు వాలుతుంది. ఆ రెండు కప్పుల మధ్య నిలువుగా మిగిలిన పట్టీలో అడ్డంగా వరసగా కిటికీలు బిగించాడు. అవి కూడా దక్షిణానికే చూస్తాయి. అంటే ఈ ఇంటికి ఎండ రెండు మెట్ల మీద లోపలికి దిగుతుంది. ముందున్న మెష్ లోంచి ఒకటి, నడి కప్పు కిటికీల్లోంచి ఇంకొకటి.

కాగితం మీద లెక్క వేసి చూస్తేనే ఈ విరుపులోని తెలివి బయటపడుతుంది. బోస్టన్ 42 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. డిసెంబరు 21 మధ్యాహ్నం అక్కడ సూర్యుడు దిగంతానికి 24 డిగ్రీల ఎత్తుకు మించి ఎక్కడు. ఆ వాలులో, కిటికీ పై అంచు నేలకు ఎన్ని అడుగుల ఎత్తున ఉంటే దానికి రెండుంబావు రెట్లకు కాస్త తక్కువ దూరం ఎండ లోపలికి సాగుతుంది. ముందు మెష్ పై అంచు నాలుగు అడుగుల ఎత్తున ఉందనుకుందాం. ఎండ తొమ్మిది అడుగులు లోపలికి వచ్చి ఆగుతుంది. తక్కిన పదకొండు అడుగులూ నీడే. ఇక ముందు నుంచి ఎనిమిది అడుగులు లోపలగా, నేలకు ఐదున్నర నుంచి ఏడున్నర అడుగుల ఎత్తులో నడి కిటికీలు పెట్టండి. వాటిలోంచి వచ్చే ఎండ సూటిగా వెళ్లి ఉత్తరపు గోడకు తగులుతుంది, నేల దగ్గర మొదలై రెండడుగుల ఎత్తు వరకు. దారిలో గోడకు మూడడుగుల ఇవతల, అడుగున్నర మొదలు మూడున్నర అడుగుల ఎత్తు మధ్య గాలిని వెలిగిస్తూ పోతుంది. సరిగ్గా అక్కడే కోళ్లు రాత్రి ఎక్కి పడుకునే కర్రలు అమర్చేది. ఇంట్లో చలి ఎక్కువగా చేరే మూల, రాత్రంతా రెట్ట పడే మూల, ఏడాదిలో పగలు అతి చిన్నదైన రోజున కూడా మధ్యాహ్నపు ఎండలో ఆరుతుంది.

ఆ ఎండ పట్టీ అక్కడే నిలిచిపోదు. సూర్యుడు రోజురోజుకీ ఎత్తుకు ఎక్కేకొద్దీ అది నేల మీద ముందుకు జరుగుతుంది. ఇవే కొలతలతో, ఫిబ్రవరి నడిమికి మధ్యాహ్నపు పట్టీ ముందునుంచి పదహారు, పందొమ్మిది అడుగుల మధ్య పడుతుంది. మార్చి 21కి పదమూడు, పదిహేను అడుగుల మధ్యకు వస్తుంది. జూన్‌లో కిటికీ అడుగునే రెండుమూడు అడుగుల లోపు ముగిసిపోతుంది. చలి ఎప్పుడు ఎక్కువో అప్పుడు ఎండ లోతుకు వెళ్తుంది. వేడి అవసరం లేని రోజుల్లో కిటికీ దగ్గరే ఆగుతుంది. ఎవరూ తెరలు లాగనక్కర్లేదు, తాళ్లు తిప్పనక్కర్లేదు. పొద్దునా సాయంత్రమూ వాలుగా వచ్చే ఎండకు పక్క గోడల్లో కిటికీలు ఉన్నాయి. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా వెలుగు నేలంతా తుడుచుకుంటూ పోతుంది. కోళ్లు ఆ వెలుగు వెంబడే తిరుగుతూ ఊకను కాళ్లతో గీకుతాయి, గీకినప్పుడల్లా అడుగున ఉన్న తడి పైకి వచ్చి ఆరుతుంది. ఇంట్లో తేమ ఆరబెట్టే కూలీలు కోళ్లే అయ్యాయి. కూలి కింద ఎండ!

సరే, ఎండ సంగతి తేలింది. మరి గాలి? ముందు గోడే లేకపోతే ఈదురుగాలి కోళ్ల మీదికి కొట్టదా?

కొట్టదు. మూత తీసిన సీసాను గాలికి ఎదురుగా పట్టుకోండి. గాలి దాని మూతి దగ్గర ఊళ వేస్తుందే తప్ప లోపలికి పారదు, ఎందుకంటే లోపలున్న గాలికి బయటికి పోయే దారి లేదు. వుడ్స్ ఇంట్లో జరిగేదీ అదే. లోపలి గాలి ఒక మెత్తని దిండులా ముందునుంచి వచ్చే విసురును ఆపుతుంది. కానీ దీనికి ఒక షరతు ఉంది. వెనక గోడలో, పక్క గోడల్లో ఒక్క చీలిక కూడా ఉండకూడదు. వేలు పట్టేంత సందు వెనక ఉన్నా ఆ ఇల్లు సొరంగమైపోతుంది, ఈదురుగాలి నేరుగా కోళ్లకు తగులుతుంది. ముందు భాగం తెరిచి వదిలేసే ఈ ఇల్లు తక్కిన మూడు వైపులా ఎంతో బిగువైన వడ్రంగం కోరుతుందన్నమాట. నిలువు పలకల సందుల మీద పట్టీలు కొట్టి, లోపలి వైపు తారు కాగితం వేయాలి. చలికాలంలో నడి కప్పు కిటికీలను మూసి ఉంచాలి. లోతు కూడా ఇక్కడే పనికొస్తుంది. ముందు ఆరేడు అడుగులు గాలి కాస్త అటూఇటూ ఆడినా, పదిహేను అడుగుల వెనక కర్రల మీద కూర్చున్న పెట్ట రెక్క కదలదు. తక్కువ లోతుతో ముందు తెరిచిన ఇళ్లు ఎన్నో విఫలమైంది ఇందువల్లే. ముందు తెరవడం చూసి నేర్చుకోవడం సులువు, లోతు ఎందుకుందో గమనించడం కష్టం.

ఇక వెచ్చదనం. ఇంత తెరిచి ఉన్న ఇంట్లో రాత్రి గాలి బయటి గాలి కన్నా మహా అయితే కొద్ది డిగ్రీలు వెచ్చగా ఉంటుంది. వుడ్స్‌కు దానితో పేచీ లేదు. కోడి ఒంటి వేడి 41 డిగ్రీల సెల్సియస్ పైమాటే. రెండు కిలోల పెట్ట ఇంచుమించు పది వాట్ల వేడి వదులుతుంది, వంద పెట్టలంటే వెయ్యి వాట్లు. ఒంటినిండా ఈకలు, ఈకల మధ్య చిక్కుకున్న పొడిగాలి. ఈక పొడిగా ఉన్నంతసేపు ఆ పక్షికి చలి పెద్ద లెక్కలోది కాదు. తడిస్తే మాత్రం ఆ రక్షణంతా పోతుంది. అందుకే వుడ్స్ ఎండను వేడి కోసం దాచిపెట్టాలని చూడలేదు, ఆరబెట్టడానికి ఖర్చు పెట్టాడు. వెచ్చదనం పక్షి దగ్గరే ఉంది, దాన్ని పక్షి దగ్గరే ఉండనిస్తే చాలు. ఎండను వాడుకునే ఇల్లు అనగానే వేడిని బంధించే పెట్టె అని ఊహించేవాళ్లంతా ఈ ఒక్క సంగతి దగ్గర ఆగి ఆలోచించాలి. నా మెచ్చుకోలుకు అసలు కారణం ఇదే.

అదే రోజుల్లో సరిహద్దుకు అవతల, కెనడాలోని క్విబెక్‌లో మరొక దారి నడిచింది. ఓకా మఠంలో బ్రదర్ విల్ఫ్రిడ్ షాతలాన్ అనే సన్యాసి 1908లో మొదలుపెట్టి, తురాయి తమ్మెలు దాదాపు లేని షాంటిక్లెర్ అనే కోడిజాతిని తయారుచేశాడు. గడ్డకట్టడానికి తురాయే లేకపోతే గొడవే ఉండదు! ఆయన చలికి తగ్గట్టు కోడిని మార్చాడు, వుడ్స్ ఇంటిని మార్చాడు. ఇద్దరి పనీ నాకిష్టమే కానీ, పెద్ద తురాయి ఉన్న లెగార్న్ జాతి కోడిని ఉన్నదున్నట్టు కాపాడే ఇల్లే ఎక్కువమందికి అక్కరకొస్తుంది.

మెష్ వల్ల మరొక మేలు జరిగింది. వుడ్స్ మొదటి పుస్తకం రాసేనాటికి అది ఎవరికీ తెలియదు. అద్దాల ఇళ్లలో పెంచిన కోడిపిల్లలకు కాళ్లు చచ్చుబడి, ఎముకలు వంగేవి. విటమిన్ డి సంగతి బయటపడింది 1920ల మొదట్లో. ఎండలోని అతినీలలోహిత కిరణాల్లో ఆ విటమిన్‌ను తయారుచేసే భాగాన్ని మామూలు కిటికీ అద్దం ఆపేస్తుంది. అద్దం వెనక కూర్చున్న కోడికి వెలుగు దొరుకుతుంది, వేడి దొరుకుతుంది, ఎముకకు కావలసింది దొరకదు. మెష్ దేన్నీ ఆపదు. బోస్టన్ అక్షాంశంలో నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా సూర్యుడు మరీ కిందుగా ఉండి ఆ కిరణాలు నేలదాకా చేరవు కాబట్టి నడిచలికాలంలో ఈ లాభం లేదు. మార్చి వచ్చాక ఉంది. పిల్లలు ఎదిగేదీ ఆ కాలంలోనే.

లోపాలు లేవా అంటే ఉన్నాయి. కప్పును ఎక్కడ విరిస్తే అక్కడ వాన కారడానికి ఒక అతుకు తయారవుతుంది. ముందు కప్పు, నడి కిటికీల అడుగు కలిసే గీత మీద రేకు సరిగ్గా మడిచి దిగ్గొట్టకపోతే రెండో ఏటికల్లా కారుతుంది. విపరీతంగా మంచు పడితే ముందు కప్పు మీద పేరుకుని అద్దాలను కప్పేస్తుంది. ఎవరో ఒకరు నిచ్చెన వేసుకుని తోయాలి. ముందు కప్పు మరీ పొట్టి కావడంతో మనిషి వంగి తిరగాలి. ఒకటే వాలున్న మామూలు కొట్టంతో పోలిస్తే కర్ర ఖర్చు, వడ్రంగి కూలీ ఎక్కువ. ఇంకో పెద్ద చిక్కు, ఈ ఇల్లు వంద కోళ్లకు బాగుంటుంది, పదివేల కోళ్లకు సాగదీయలేం. పక్కపక్కనే ఇళ్లు కట్టుకుంటూ పోవడమే. అప్పుడు దాణా మోయడం, గుడ్లు ఏరడం, నీళ్లు పెట్టడం అన్నీ ఇంటింటికీ తిరిగే చాకిరీ.

ఈ ఇల్లు తెరమరుగు కావడానికి కారణం కూడా అక్కడే ఉంది. దాణాలో చేపనూనె, తర్వాత విటమిన్ డి కలపడం వచ్చింది, ఎముకలకు ఎండ అక్కర్లేకపోయింది. కరెంటు దీపం వచ్చింది. చలికాలంలో గుడ్లు తగ్గడానికి అసలు కారణం చలికన్నా పగలు కురచ కావడమేనని, రోజుకు పద్నాలుగు పదహారు గంటల వెలుగు ఇస్తే పెట్ట మళ్లీ పెడుతుందని తెలిసింది. కరెంటు ఫ్యాను వచ్చింది, తేమను తోడిపోయడానికి ఎండ కోసం ఎదురుచూడనక్కర్లేదు. వుడ్స్ ఒక విరిగిన కప్పుతో చేసిన పనులన్నీ ఒక్కొక్కటిగా యంత్రాలకు, డబ్బాలకు పంచేశారు. పెద్ద ఫారాలకు అది లాభసాటే, కాదనలేం. పెరట్లో పాతిక కోళ్లు పెంచుకునే మనిషికి మాత్రం ఆ యంత్రాలు అక్కర్లేని బరువు. ఈ శతాబ్దంలో ఆ పాత పుస్తకాన్ని మళ్లీ అచ్చు వేశారు, కొనేవాళ్లూ పెరటి రైతులే.

మన ఊళ్లలో ఈ ఇంటిని ఇలాగే కట్టుకోవచ్చా అని అడిగితే, వద్దనే చెబుతాను. హైదరాబాదులో డిసెంబరు 21 మధ్యాహ్నం కూడా సూర్యుడు 49 డిగ్రీల ఎత్తులో ఉంటాడు. జూన్‌లో నడినెత్తి దాటి ఉత్తరానికి పోతాడు. ఆంధ్ర, తెలంగాణల్లో కోడిని చంపేది చలికన్నా మే నెల ఎండ. అందుకే మన షెడ్లను తూర్పు పడమరలుగా పొడుగ్గా కట్టి, ఉత్తర దక్షిణాలు రెండూ మెష్‌తో తెరిచి, చూరు బయటికి దించి ఎండను ఆపుతాం, గాలిని అడ్డంగా పారనిస్తాం. వుడ్స్ మూసినచోట మనం తెరుస్తాం, అది సబబే. లంబసింగి, అరకు వైపు గానీ, ఆదిలాబాద్ ఏజెన్సీలో గానీ చలికాలపు రాత్రుల్లో గోనెపట్టాలు కట్టేవాళ్లు మాత్రం ఆయన దగ్గర ఒక మాట నేర్చుకోవచ్చు. గాలి వీచే వైపు గట్టిగా మూయండి, ఎదురు వైపు తెరిచే ఉంచండి. నాలుగు వైపులా పట్టాలు దించితే తెల్లారేసరికి ఊక తడిసి కంపు కొడుతుంది.

న్యూజెర్సీలోనో మిచిగన్‌లోనో పెరట్లో పది కోళ్లు పెంచుకుంటూ, నవంబరు రాగానే హీట్ ల్యాంపు కొనాలా అని ఆలోచించే మనవాళ్లకు కూడా ఒక మాట. ఎండిన ఊకలో వేలాడే ఆ దీపం వల్ల ఏటా కోళ్ల గూళ్లు తగలబడుతున్నాయి. ఎదిగిన కోళ్లకు అది అక్కర్లేదు. గూడు ముఖం దక్షిణానికి తిప్పండి, వెడల్పు కన్నా లోతు ఎక్కువ పెట్టండి, మూడు వైపులా సందు లేకుండా బిగించండి, నాలుగో వైపు మెష్ కొట్టి వదిలేయండి. పడుకునే కర్రను గుండ్రంగా కాక చదునుగా వేయండి, అప్పుడు కోడి తన కాలివేళ్లను పొట్ట ఈకలతో కప్పుకోగలదు. ఇంత చేశాక జనవరిలో ఒక పొద్దున వెళ్లి లోపలి కప్పును చేత్తో తడిమి చూడండి. చెయ్యి తడిస్తే గూడు ఇంకా మూసుకుపోయి ఉందని అర్థం, ఇంకొంచెం తెరవండి.